ఇంటి పాత ఎస్‌యూవీ స్థానంలో బాగా చూసుకున్న సెకండ్ హ్యాండ్ బండి తెచ్చుకోవాలంటే

పోయిన మే నెలలో విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తుంటే సూర్యాపేట దాటాక మా బండి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత ఎక్కింది. లోపల అమ్మ, ఇద్దరు పిల్లలు. డిక్కీలో మామిడికాయల బస్తా, ఆవకాయ జాడీ. వేపచెట్టు కింద రెండు గంటలు కూర్చున్నాం. 13 ఏళ్ళు తిరిగిన ఏడు సీట్ల డీజిల్ బండి అది. ఎలాగో ఇంటికి చేర్చాక మా మెకానిక్ ఇంజన్ స్టార్ట్ చేయించి, ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద అరచెయ్యి పెట్టి చూశాడు. "బోర్‌కొచ్చింది సార్. చెయ్యమంటే చేస్తా. మీరే ఆలోచించుకోండి" అన్నాడు. అంటే ఇంజన్ లోపల అరిగిపోయింది, విప్పి పని చేయాలి.

కొత్తది కొనేంత డబ్బు లేదు. నాలుగు నెలలు తిరిగి, 11 బండ్లు చూసి, చివరికి ఒకటి తెచ్చుకున్నాం. మీరూ ఇదే పరిస్థితిలో ఉంటే ఒక మాట ముందే చెప్తాను: మోడల్ గురించి పెట్టే టైంలో సగం ఆ బండి నడిపిన మనిషి గురించి పెట్టండి. ఒకే ఏడాది, ఒకే మోడల్, ఒకే రంగు బండ్లు రెండు చూశాం. ఒకటి పెళ్ళికొడుకులా ఉంది, ఇంకోటి పెళ్ళిళ్ళకు అద్దెకు తిప్పినట్టుంది.

మార్చాలా, ఉంచుకోవాలా

ముందు కాగితం తీసుకుని పాత బండికి వచ్చే రెండేళ్ళలో తప్పనిసరిగా అయ్యే ఖర్చు రాయండి. ఇంజన్ పని, క్లచ్, టైర్లు, సస్పెన్షన్, ఏసీ. పక్కనే, ఇవాళ ఉన్నది ఉన్నట్టు అమ్మితే ఎంత వస్తుందో రాయండి. ఖర్చు అమ్మకం ధరలో సగం దాటితే ఇక బండి మీద ప్రేమతో లెక్క తప్పు చేసుకోవద్దు.

రిజిస్ట్రేషన్ వయసు కూడా చూడండి. సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళే. తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకోసారి రెన్యూవల్ చేయించుకోవాలి. ఆ ఫీజుకు గ్రీన్ ట్యాక్స్ అదనం. 14వ ఏట అమ్మితే కొనేవాడు ఈ ఖర్చంతా ధరలోంచి తీసేస్తాడు. అమ్మేదైతే రెండేళ్ళు ముందే అమ్మడం మేలు.

ఇంట్లో అవసరం ఏమిటో తేల్చుకోండి

ఏడు సీట్లు కావాలని అందరూ అంటారు. మూడో వరుసలో ఏడాదికి ఎన్నిసార్లు పెద్దవాళ్ళు కూర్చున్నారో లెక్కపెడితే మాకు నాలుగు తేలింది. అయినా ఏడు సీట్లదే తీసుకున్నాం, ఎందుకంటే ఆ నాలుగూ ఊరి ప్రయాణాలే. మీకు ఆ లెక్క సున్నా అయితే ఐదు సీట్లది చూసుకోండి. పార్కింగ్‌లో మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా సంతోషిస్తాడు. ఇంట్లో మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే వాళ్ళను ఒకసారి ఎక్కించి దింపి చూడకుండా ఏదీ ఖాయం చేయొద్దు. మా అమ్మ ఒక బండిని అలాగే కొట్టేసింది: "ఇది ఎక్కాలంటే నిచ్చెన కావాలి."

డీజిలా పెట్రోలా అన్నది ఇప్పుడు మైలేజీ లెక్క ఒక్కటే కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 (కొత్త కాలుష్య నిబంధన) డీజిల్ బండ్లకు పొగ గొట్టంలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. పొగలోని మసి అందులో చేరుతుంది. బండి కాసేపు ఆగకుండా వేగంగా నడిస్తే ఆ వేడికి మసి కాలిపోయి ఫిల్టర్ శుభ్రమవుతుంది. రోజూ కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి వెళ్ళి, సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ తిరిగొచ్చే బండికి ఆ అవకాశం దొరకదు. ఫిల్టర్ మూసుకుపోతుంది, లైటు వెలుగుతుంది. కాల్చే ప్రయత్నం మాటిమాటికీ సగంలో ఆగిపోతే డీజిల్ వెళ్ళి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. కాబట్టి బీఎస్-6 డీజిల్ చూస్తున్నప్పుడు "మీరు రోజూ ఎక్కడికి తిప్పేవారు సార్?" అని అడగండి. కిలోమీటర్లు తక్కువ తిరిగిన సిటీ బండి కంటే, నెలకు రెండుసార్లు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కిన బండే ఈ విషయంలో నయం. నెలకు 1,000 కిలోమీటర్లు కూడా తిరగని ఇల్లయితే, నా మాట వింటే పెట్రోలే తీసుకోండి. అందులో 2023 ఏప్రిల్‌కి ముందువాటిలో ఇ-20 పెట్రోలుకు (20 శాతం ఇథనాల్ కలిపింది) తగ్గ రబ్బరు భాగాలు ఉన్నాయో లేదో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగి తెలుసుకోండి.

డబ్బు లెక్క

చేతిలో ఉన్నదంతా బండి ధరకే పెట్టొద్దు. పదో వంతు పక్కన పెట్టుకోండి, మొదటి నెల ఖర్చులకు. సెకండ్ హ్యాండ్ బండికి బ్యాంకు వడ్డీ కొత్తదాని కంటే ఎక్కువే పడుతుంది, అదీ లెక్కలో వేయండి.

ధర అడిగే ముందు అదే మోడల్ కొత్తది ఇవాళ ఆన్ రోడ్ ఎంతో తెలుసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి కార్ల మీద జీఎస్టీ తగ్గింది. పెద్ద ఎస్‌యూవీల మీద సెస్సుతో కలిపి 50 శాతం దాకా ఉన్నది 40 అయింది. "నేను కొన్నప్పుడు ఇంత పెట్టాను" అని పాత బిల్లు చూపించి బేరం ఆడే అమ్మకందారుకు ఈ సంగతి మర్యాదగా గుర్తు చేయండి.

ఎక్కడ వెతకాలి

వరుస ఇది: మొదట తెలిసినవాళ్ళు, తర్వాత నేరుగా ఓనర్లు, తర్వాత కంపెనీల సొంత సెకండ్ హ్యాండ్ షోరూమ్‌లు, చివరికి బయటి డీలర్లు. మారుతీ ట్రూ వాల్యూ, టయోటా యూ ట్రస్ట్, హ్యుందాయ్ ప్రామిస్ లాంటి చోట్ల ధర ఎక్కువే, కానీ తనిఖీ, వారంటీ ఉంటాయి. వారంటీ కాగితంలో ఏది వర్తిస్తుందో కాదు, ఏది వర్తించదో చదవండి. రిజిస్టరైన డీలర్ తన లాభం మీద 18 శాతం జీఎస్టీ కట్టాలి, అది మీ ధరలోనే కలిసి వస్తుంది. ఒక మనిషి నుంచి ఇంకో మనిషి కొనేటప్పుడు ఆ బాధ లేదు.

వెంట తీసుకెళ్ళడానికి నమ్మకమైన మెకానిక్ ఉంటే నేరుగా ఓనర్ దగ్గరే కొనండి. లేకపోతే కంపెనీ షోరూమ్‌కి వెళ్ళండి. "తక్కువలో వస్తోంది" అంటూ వాట్సాప్‌లో వచ్చే ఢిల్లీ బండ్లకు మాత్రం దూరంగా ఉండండి. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లపై ఏళ్ళ తరబడి ఆంక్షలుండటంతో చవగ్గా బయటికొచ్చాయి. కానీ వేరే రాష్ట్రం బండి అంటే అక్కడి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం), ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్, ఆఫీసుల చుట్టూ తిరుగుడు. చవక అంతా అక్కడే కరిగిపోతుంది.

నంబరు ప్లేటు కూడా కొంత చెప్తుంది. ఏపీ 09, ఏపీ 28 లాంటివి రాష్ట్రం విడిపోకముందు ఇక్కడే రిజిస్టరైనవి. టీఎస్ 2014 తర్వాతవి, టీజీ 2024 మార్చి తర్వాతవి. ఏపీ 39 అని ఉంటే అది 2019 నుంచి ఆంధ్రాలో రిజిస్టరైనది, అంటే మీకు వేరే రాష్ట్రం బండే.

ఫోన్‌లోనే సగం వడపోయండి

బండి చూడ్డానికి ఉప్పల్ నుంచి మియాపూర్ వెళ్ళి రావడమంటే ఒక పూట పోతుంది. అందుకే ఫోన్‌లోనే అడిగేయండి: సీ-బుక్ మీ పేరు మీదే ఉందా? ఎన్నో ఓనర్? లోన్ ఉందా? సర్వీస్ బిల్లులు ఉన్నాయా? ఎక్కడైనా తగిలిందా? ఎందుకు అమ్ముతున్నారు?

జవాబు కంటే జవాబు చెప్పే తీరు వినండి. "చిన్న చిన్నవి ఏముంటాయండీ, వచ్చి చూడండి" అన్నవాళ్ళ దగ్గర మాకు ఎప్పుడూ చిన్నవి కనపడలేదు, పెద్దవే కనపడ్డాయి. చివరికి మేము కొన్న బండి ఓనర్ సైనిక్‌పురిలో ఉండే రిటైర్డ్ ఉద్యోగి. ఫోన్ ఎత్తగానే ఆయన చెప్పిన మొదటి సంగతి: "ఎడమ వెనక డోర్ లాక్ ఒక్కోసారి పడదు బాబూ, రెండుసార్లు నొక్కాలి. 2021లో కుడివైపు ఆటో రాసుకుపోయింది, రెండు డోర్లకు పెయింట్ వేయించా." అప్పుడే మా ఆవిడతో అన్నాను, ఈయన బండి చూద్దామని.

రిజిస్ట్రేషన్ నంబరు అడిగి తీసుకోండి. ఓనర్ పేరు, తేదీ, లోన్, ఇన్సూరెన్స్ గడువు ఆన్‌లైన్‌లో సరిపోయాయో లేదో చూడండి. తెలంగాణ ఈ-చలాన్ సైట్‌లో నంబరు కొడితే బాకీ చలాన్లు వస్తాయి. వాటిని చదవండి కూడా. రాంగ్ సైడ్, ఓవర్ స్పీడ్ వరసగా ఉంటే ఆ బండిని ఎలా తోలారో ఫొటోలతో సహా మీకే తెలుస్తుంది.

కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఓనర్‌తో కలిసి వెళ్తే పాత సర్వీస్ చరిత్ర చూపిస్తారు. ప్రతి సర్వీసుకూ రీడింగ్ నమోదై ఉంటుంది. 2022లో 88,000 ఉన్న బండి ఇవాళ 64,000 చూపిస్తే మీటర్ తిప్పారని వేరే చెప్పక్కర్లేదు.

బండి దగ్గర

పగటి వెలుతురులో, బండి కడగకముందు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూస్తానని చెప్పండి. పొద్దున ఏడింటికి వెళ్ళడం మంచిది. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీరొచ్చే ముందే స్టార్ట్ చేసి పెట్టారు. ఎందుకో అడగండి.

మేము చూసిన మూడో బండి కథ చెప్పాలి. తెల్లది, తళతళా మెరుస్తోంది, రీడింగ్ 52,000. మా బావమరిది అప్పటికే కుటుంబం గ్రూపులో ఫొటో పెట్టేశాడు. నేను వెనక సీట్ బెల్టు చివరికంటా లాగాను. బయటికి కనపడే భాగం శుభ్రంగానే ఉంది, లోపల చుట్టుకుని ఉండే భాగంలో మాత్రం మట్టిరంగు గీత, అడ్డంగా, నీళ్ళు నిలిచిన గోడ మీద మిగిలే గీతలా. స్టెప్నీ కింద గుంటలో సన్నటి ఒండ్రు. సీటు పట్టాల బోల్టులకు తుప్పు. 2020 అక్టోబర్ వానలకు నదీమ్ కాలనీ, సరూర్‌నగర్ వైపు ఎన్ని బండ్లు మునిగాయో ఈ ఊళ్ళో అందరికీ గుర్తే. సెల్లార్లలో మునిగినవి ఇంకెన్నో. అవన్నీ తుక్కుకు పోలేదు కదా, ఎక్కడో ఒకచోట తిరుగుతూనే ఉన్నాయి. మునిగిన బండి ఇంజన్ బాగుచేయొచ్చు, వైరింగ్‌ను మాత్రం నమ్మలేం. కార్పెట్ అంచు ఎత్తి వాసన చూడండి. కారులో సెంటు గుప్పున కొడితే ఇంకా జాగ్రత్తగా చూడండి.

దెబ్బ తగిలిందా అన్నది పెయింట్ కంటే లోపలి జాయింట్లలో తెలుస్తుంది. డోర్లకు ఉన్న రబ్బరు బీడింగ్ కొంచెం లాగి పిల్లర్ (పైకప్పును మోసే స్తంభం) అంచు చూడండి. కంపెనీ వెల్డింగ్ చుక్కలు సమాన దూరంలో గుండ్రంగా ఉంటాయి. టింకరింగ్ చేసిన చోట అలా ఉండవు. బానెట్ ఎత్తి రెండువైపులా ఏప్రన్లు (ఇంజన్ పక్కన లోపలి రేకులు), హింజ్ బోల్టులు చూడండి. బోల్టు తలల మీద పెయింట్ లేచిపోయి ఉంటే పానా పడిందని అర్థం. ఒక డోర్‌కో బంపర్‌కో పెయింట్ వేశారంటే హైదరాబాద్ ట్రాఫిక్‌లో అది తప్పు కాదు. ఏప్రన్, పిల్లర్, చాసిస్ దగ్గర పని జరిగితే మాత్రం టీ తాగి లేచి వచ్చేయండి.

వయసు చెప్పే గుర్తులు ఇంకొన్ని. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి: 2219 అంటే 2019లో 22వ వారంలో తయారైంది. 30,000 తిరిగిందన్న బండికి నాలుగు టైర్లూ ఇటీవలివే ఉంటే, పాతవి అంత తొందరగా ఎందుకు అరిగాయి? అద్దాల మీద కంపెనీ ముద్ర చూడండి, ఒక్కటి వేరే ఏడాదిదైతే అది మారింది. స్టీరింగ్ నున్నబడి, బ్రేక్ పెడల్ రబ్బరు అరిగి, డ్రైవర్ సీటు అంచు కుంగి ఉంటే మీటర్ ఎంత తక్కువ చూపించినా నమ్మొద్దు. ఇక్కడ ఐటీ కంపెనీలకు క్యాబ్‌లుగా తిరిగి, తర్వాత తెల్ల ప్లేటుకు మారిన ఏడు సీట్ల బండ్లు చాలా ఉన్నాయి. తప్పేం కాదు, కానీ ధర దానికి తగ్గట్టు ఉండాలి. ప్లేటు వెనక పసుపు రంగు, స్పీడ్ గవర్నర్ తీసేసిన గుర్తులు, పాత రిజిస్ట్రేషన్ వివరాలు ఆ సంగతి చెప్తాయి.

తాళం తిప్పి, స్టార్ట్ చేయకముందే డాష్‌బోర్డు చూడండి. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కాసేపటికి ఆరాలి. అసలు వెలగకపోతే ఆ లైటును ఎవరో మూసేసి ఉంటారు. స్టార్ట్ అయ్యాక పొగ చూడండి. నీలం పొగ అంటే ఆయిల్ తాగుతోంది. నల్లపొగ ఆగకుండా వస్తే డీజిల్ సరిగా కాలట్లేదు. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి వెళ్తోందేమో అనుమానించాలి. మా పాత బండికి చేసిన అరచేతి పరీక్ష ఇక్కడ మీరూ చేయించండి: ఆయిల్ మూత తీస్తే గాలి బుసలు కొట్టుకుంటూ వస్తే అది బోర్‌కొచ్చినట్టే.

నడిపి చూడటం

గల్లీలో ఒక రౌండు వేసి దిగొద్దు. కనీసం 40 నిమిషాలు. గుంతల రోడ్డు మీద 20 స్పీడులో అద్దాలు దించి, పాటలు ఆపి వెళ్ళండి. సస్పెన్షన్ బుష్‌లు, స్టీరింగ్ ర్యాక్ చప్పుడు అప్పుడే వినిపిస్తాయి. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఎత్తుల్లో బండి నిండా మనుషులతో ఆపి మళ్ళీ ఎత్తండి. క్లచ్ జారినా, ఆటోమేటిక్ గేర్ జర్క్ ఇచ్చినా అక్కడ దాచలేరు. తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి 80, 100లో స్టీరింగ్ వణుకుతుందా, వదిలితే ఒకవైపు లాగుతుందా చూడండి. ఏసీని మధ్యాహ్నం ఎండలో, మూడో వరుసలో కూర్చుని పరీక్షించండి. ముందు సీట్లో చల్లగా ఉండటం ఒక లెక్కలోది కాదు.

ఇదంతా నచ్చితేనే మీ మెకానిక్‌ను పిలవండి, ఆయన రోజు కూలీ ఇవ్వండి. స్కానర్ పెట్టించండి. కొన్ని మోడళ్ళలో ఇంజన్ కంప్యూటర్‌లోనూ కిలోమీటర్లు నమోదై ఉంటాయి, మీటర్‌తో పోల్చుకోవచ్చు. బండిని ర్యాంప్ ఎక్కించి కింద చూడమనండి. ఇంజన్‌కు టైమింగ్ బెల్టు ఉందా, చైన్ ఉందా అన్నదీ అడగండి. బెల్టు అయితే మార్చిన బిల్లు కావాలి. లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించుకోవాలి, ఎందుకంటే అది తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు దెబ్బతింటాయి.

బేరం, డబ్బు

బేరం చేసేటప్పుడు బండిని తిట్టకండి. ఇన్నేళ్ళు ముద్దుగా చూసుకున్న మనిషికి కోపం వస్తుంది. "సార్, టైర్లకు ఇంత, బ్రేక్ డిస్కులకు ఇంత, బ్యాటరీకి ఇంత, మా మెకానిక్ రాసిచ్చాడు" అని కాగితం ముందు పెట్టండి. సైనిక్‌పురి అంకుల్ ఆ కాగితం తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, బ్యాటరీ గీత కొట్టేశారు. "ఇది ఆర్నెల్ల కిందే వేశా, బిల్లు ఫైల్లో ఉంది." ఉంది. మిగతావి ఒప్పుకున్నారు.

బయానా చిన్న మొత్తమే ఇవ్వండి, రసీదులో బండి నంబరు, ధర, తేదీ, లోన్ ఉంటే అది తీర్చే బాధ్యత ఎవరిదో రాయించండి. మిగతా డబ్బు బ్యాంకు ద్వారానే. 2 లక్షలు, ఆ పైన నగదు పుచ్చుకోవడం ఆదాయపన్ను చట్టం ప్రకారం కుదరదు.

పేరు మార్పు

ఫారం 29, 30 ఇద్దరి సంతకాలతో. లోన్ తీరిపోయిన బండైతే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 కూడా. ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేసుకుని ఆర్టీఏ ఆఫీసుకు వెళ్ళాలి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లోపు మీ పేరుకు మారాలి. లేదా మీరే కొత్త పాలసీ తీసుకోండి, అప్పుడు మీ పాత బండి మీద సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ ఇక్కడ వాడుకోవచ్చు. ఆ బోనస్ బండిది కాదు, మనిషిది. క్లెయిమ్ లేకుండా ఐదేళ్ళు గడిస్తే 50 శాతం దాకా ఉంటుంది. పాత బండి అమ్మగానే ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఆ బోనస్ ఉందని చెప్పే లెటర్ తీసుకోండి, మూడేళ్ళ దాకా చెల్లుతుంది.

ఫాస్టాగ్ కూడా పాతది మూయించి మీ పేరు మీద కొత్తది వేయించుకోండి.

మీ పాత బండి సంగతి

కొనేటప్పుడు ఉన్న జాగ్రత్త అమ్మేటప్పుడు ఉండదు మనకు. "మీరు సంతకం పెట్టివ్వండి సార్, పేరు మేము మార్పించుకుంటాం" అని డీలర్ ఖాళీ ఫారాలు తీసుకెళ్తాడు. ఆర్నెల్ల తర్వాత ఎక్కడో యాక్సిడెంట్ అయితే నోటీసు మీ ఇంటికి వస్తుంది. రికార్డులో ఎవరి పేరుంటే వాళ్ళే ఓనరని, నష్టపరిహారం బాధ్యత వాళ్ళదేనని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. కాబట్టి పేరు మారేదాకా వెంటపడండి. బండి ఇచ్చేటప్పుడు తేదీ, టైము, రీడింగ్ రాసి, పుచ్చుకున్నవాడి సంతకం, ఆధార్ కాపీ తీసుకోండి. మీ ఫాస్టాగ్ ఆ రోజే మూయించండి.

మరీ కదలని స్థితిలో ఉంటే రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి, రిజిస్ట్రేషన్ రద్దయినట్టు కాగితం తీసుకోండి. గల్లీలో తుక్కు కొనేవాడికి ఇస్తే చాసిస్ నంబరు ఎక్కడ తేలుతుందో చెప్పలేం. మాది మెకానిక్ చెప్పిన ఒక రైతు కొన్నాడు. ఇంజన్ పని ఉందని ముందే చెప్పి, ఆ మేరకు తగ్గించే ఇచ్చాం.

మొదటి నెల

ఓనర్ ఎంత మంచివాడైనా ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్, ఫిల్టర్లన్నీ మార్చేయండి, ఆ రోజు నుంచి లెక్క మీది. మేము తాడ్‌బండ్ ఆంజనేయస్వామి గుడిలో పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, అక్కణ్నుంచి నేరుగా మెకానిక్ షెడ్డుకే వెళ్ళాం. అంకుల్ ఇచ్చిన నీలం ఫైల్లో బిల్లులు తేదీల వరుసన ఉన్నాయి, పంచర్ రసీదులతో సహా. చివరిది ఆ బ్యాటరీది. దాని వెనక మా ఆయిల్ బిల్లు పెట్టాను. ఎడమ వెనక డోర్ మాత్రం ఇప్పటికీ రెండుసార్లు నొక్కాలి.